టోపోషీటా, లాల్‌బాగ్ గుట్టా?

భూమి ఎత్తుపల్లాలు పిల్లలకు బాగా అర్థమయ్యేది మ్యాపుతోనా, గుట్ట ఎక్కితేనా? బెంగళూరులో మా పాప పదో తరగతి, ఐసీఎస్ఈ బోర్డు. జాగ్రఫీలో టోపోషీట్, అంటే ఎత్తుపల్లాలు, రోడ్లు వివరంగా చూపే మ్యాపు, తప్పదు. 1:50,000 స్కేలు, అంటే 2 సెం.మీ.కి కిలోమీటరు, కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. మార్కులకైతే ఇదే దారి. దారంతో వంకర రోడ్డు కొలవడం, మ్యాపులో ఒక చోటు ఎక్కడుందో చెప్పే ఆరంకెల గ్రిడ్ రిఫరెన్సు చెప్పడం రోజుకో పావుగంట చేస్తే చాలు.

కానీ గీతలు దగ్గరైతే వాలు ఎక్కువని బట్టీపట్టిన పిల్ల, లాల్‌బాగ్ తోటలోని రాతిగుట్ట ఎక్కి ఆయాసపడ్డాకే "ఓహో, ఇదా నాన్నా!" అంది. కోణమానినికి దారం, రబ్బరు ముక్క కట్టి వాలు కొలిచింది, అడుగులు లెక్కపెట్టింది. ఇంటికొచ్చి గ్రాఫు వేస్తే నిలువు స్కేలు మరీ సాగదీసి గుట్టను హిమాలయం చేసింది! ఆ తప్పు టోపోషీట్ ముందు కూర్చుంటే అంత తేలిగ్గా పట్టుబడదు. నా ఓటు గుట్టకే, పరీక్షల నెల తప్ప.