మెక్సికో నగరంలో చరిత్ర వెంట: ఎక్కడ దిగాలి, ఏది చూడాలి

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు మెక్సికో వెళ్లొచ్చామంటే చాలావరకు కాన్‌కూన్ సముద్రతీరానికీ, అక్కడి నుంచి ఒక్క రోజులో ముగించుకొచ్చే చిచెన్ ఇట్సా మాయా శిథిలాలకూ వెళ్లొచ్చామనే అర్థం. మేము ఆ దారి పట్టకుండా సెలవంతా రాజధానిలోనే గడిపాము. ఆదివాసీ నాగరికతల నుంచి 1910 నాటి విప్లవం దాకా ఆ దేశపు చరిత్రను తెలుసుకోదలచిన వారికి అంతకన్నా అనువైన చోటు లేదని నా అభిప్రాయం. అయితే ఆ నగరం చరిత్రను వరసగా చూపించదు. ఒక కాలం నెత్తిన మరో కాలాన్ని పేర్చి చూపిస్తుంది. అందువల్ల బస ఎక్కడ, గైడు ఎక్కడ అవసరం, దేనికి ఎంత వ్యవధి ఇవ్వాలి అనేవి ముందే ఆలోచించుకుని బయలుదేరడం మంచిది. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులు మెక్సికో వీసా వేరుగా తీసుకోనక్కర్లేదు. కానీ పాస్‌పోర్టులో స్టాంపింగు గడువు తీరిపోయి, చేతిలో ఐ-797 అనే అమెరికా అనుమతి కాగితం మాత్రమే ఉన్నవారు ఈ వెసులుబాటును నమ్ముకోకూడదు.

బస విషయంలో రెండు పేటలనూ చూశాము. మొదట సోకలో అనే నగర ప్రధాన చౌకు దగ్గర, పెద్ద కేథడ్రల్ వెనుక వీధిలో ఒక పాత భవనంలో దిగాము. ముఖ్యమైన స్థలాలకు నడిచి వెళ్లగలగడం దాని సుగుణం. లిఫ్టు లేకపోవడం, వీధి వైపు గదులకు అర్ధరాత్రి దాకా రొద తప్పకపోవడం దాని లోపాలు. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి మొదటి రోజు మూడంతస్తుల మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే లోపలి ముంగిలి వైపు కింది అంతస్తు గదిని అడిగి తీసుకోవాలి. తరువాత మారిన రోమా పేటలో చెట్ల నీడా, నిశ్శబ్దమూ ఉన్నాయి, అద్దె మాత్రం ఎక్కువ. 1919లో మెక్సికో కమ్యూనిస్టు పార్టీని స్థాపించిన వారిలో ఒకరైన మన ఎం.ఎన్.రాయ్ నివసించిన ఇల్లు ఆ పేటలోనే, మెరీదా వీధిలో ఉంది. చరిత్ర కోసమే వెళ్లేవారికి మాత్రం రొదను భరించైనా సోకలో దగ్గర దిగమనే చెబుతాను.

ఎందుకంటే అజ్టెక్ల ప్రధానాలయమైన తెంప్లో మయోర్ అక్కడే ఉంది. 1978 ఫిబ్రవరి 21న విద్యుత్ సంస్థ కార్మికులు వీధి పక్కన తవ్వుతుండగా మూడు మీటర్లకు పైగా వ్యాసమున్న ఒక గుండ్రని శిల బయటపడింది. ఆ తరువాత ఎద్వార్దో మాతోస్ మోక్తెసూమా ఆధ్వర్యంలో సాగిన తవ్వకాలలో, 1521లో స్పానిష్‌వారు నేలమట్టం చేసిన ఆ ఆలయపు పునాదులు వెలికివచ్చాయి. ఆ శిల మీద ఉన్నది కొయొల్‌షౌకి దేవత. సోదరుడైన యుద్ధదేవుడు ఉయిత్సిలొపోచ్‌త్లి ఆమెను నరికి కొండ మీద నుంచి దొర్లించాడని పురాణం. శిల్పి ఆమె తలనూ, కాళ్లనూ, చేతులనూ మొండెం నుంచి విడదీసి చెక్కుతూ, తెగిన ప్రతి చోటా ఎముక కొన బయటికి కనిపించేలా చూపాడు. ఆ దేవుడి గుడి మెట్ల పాదం దగ్గరే ఈ శిలను పరిచారనీ, బలి ఇచ్చిన దేహాలను పై నుంచి మెట్ల మీదుగా దొర్లించేవారనీ విన్నాక, పురాణాన్ని ఆ మెట్ల మీద మళ్లీ మళ్లీ జరిపించేవారని అర్థమవుతుంది. ఇక్కడ గైడుకిచ్చే సొమ్ము వృథా కాదు. ఏడు విడతలుగా, పాత గుడిని లోపలే ఉంచి దాని మీద కొత్త గుడి కడుతూ పోయిన నిర్మాణం కావడం వల్ల, చెప్పేవారు లేకపోతే అవి ఉత్త రాతిగోడలు మాత్రమే.

ఆంత్రోపాలజీ మ్యూజియంలో గైడు లేకపోయినా నడుస్తుంది. 1964లో తెరిచిన ఈ భవనాన్ని ఒక్క పూటలో చూడబోతే ఓల్మెక్ల మహాశిరస్సులు, సుమారు 24 టన్నుల సూర్యశిల, పాలెంకే రాజు పకాల్ సమాధి నమూనా అన్నీ కలగాపులగమైపోతాయి. రెండు పూటలు కేటాయించి, రెండోది పై అంతస్తుకు ఇవ్వాలి. కింద ఉన్నవి శిథిలాలు. పైన ఉన్నది ఈనాటి నహువా, మాయా, సపోతెక్ ప్రజల బతుకు. జనం కింద చూసి అలసి వెళ్లిపోవడం వల్ల పై గదులు దాదాపు ఖాళీగా ఉన్నాయి. నా దృష్టిలో, ఆదివాసుల కథ 1521తో ముగిసిందనే భ్రమను పోగొట్టేది ఆ గదులే.

తెయోతివాకాన్‌కు (నగరం బయట ఉన్న ప్రాచీన పిరమిడ్ల పట్టణం) మేము మాట్లాడుకున్న టూరు బస్సు మాత్రం విసిగించింది. లావాగాజు బొమ్మల దుకాణంలో గంటకు పైగా కూర్చోబెట్టి, ఎండ ముదిరాక మమ్మల్ని పిరమిడ్ల ముందు దింపారు. ఉత్తర బస్ టెర్మినల్ నుంచి మామూలు బస్సులు తరచుగా ఉన్నాయి, పొద్దున్నే వాటిలో వెళ్లడమే మేలు. ఈ పట్టణాన్ని అజ్టెక్లు కట్టారని చెప్పే గైడు దొరికితే వెంటనే దండం పెట్టేయండి. వాళ్లు 1325లో తమ రాజధానిని స్థాపించేనాటికే తెయోతివాకాన్ వైభవం ముగిసి ఆరేడు వందల ఏళ్లయింది. పిరమిడ్లతో తృప్తిపడి వెనుదిరగకుండా తెపాన్‌తిత్లా కుడ్యచిత్రాలను కూడా చూడాలి.

శాకాహారులకు తిండి కష్టమేమీ కాదు. బీన్సు గానీ జున్ను గానీ కూరిన తలకొయోలు (మొక్కజొన్న రొట్టెలు) వీధుల్లో దొరుకుతాయి. కాకపోతే బీన్సులో పందికొవ్వు వేయడం మామూలే, కనుక ‘సిన్ మంతేకా’ (పందికొవ్వు లేకుండా) అని ముందే అడగాలి. మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి. మెట్రో టికెట్టు 5 పెసోలు. పీనో స్వారెస్ స్టేషన్‌లో లైను మారే దారిలో, మెట్రో తవ్వకాలలో బయటపడిన వాయుదేవుడు ఎయెకత్ల్ గుడి ఉంది. 1913లో అధ్యక్షుడు మదేరోతో పాటు హత్యకు గురైన ఉపాధ్యక్షుడి పేరు ఆ స్టేషన్‌ది.

చపుల్తెపెక్ కోటలో రెండు బండ్లు చూడాలి. ఒకటి ఫ్రెంచి సైన్యం అండతో వచ్చి 1867లో తుపాకీ గుండ్లకు బలైన చక్రవర్తి మాక్సిమిలియన్‌ది, బంగారు నగిషీలది. రెండోది అతన్ని ఓడించిన సపోతెక్ జాతి అధ్యక్షుడు బెనీతో హ్వారెస్‌ది, ఏ అలంకారమూ లేని నల్లబండి. అదే కోటలో చిత్రకారుడు సికేరోస్ గీసిన విప్లవ చిత్రం ఒక గదిని చుట్టుముట్టి ఉంది. ఒక పక్క విప్లవం కూలదోసిన నియంత పోర్ఫీరియో దియాస్ కొలువు, మరో పక్క 1906 నాటి కనానేయా గని సమ్మె, సహచరుడి శవాన్ని మోసుకొస్తున్న కార్మికులు. విప్లవం ఎందుకు వచ్చిందో ఆ గోడ చెప్పినంత స్పష్టంగా, విప్లవ స్మారకం కింద ఉన్న మ్యూజియం చెప్పలేకపోయింది. అక్కడ తేదీలూ తుపాకులూ ఎక్కువ, కారణాలు తక్కువ. స్మారకం మాత్రం చూడదగ్గదే. దియాస్ తన పార్లమెంటు కోసం మొదలుపెట్టించి మధ్యలో ఆగిన కట్టడాన్నే 1938 నాటికి విప్లవ స్మారకంగా మలిచారు. విప్లవంలో బద్ధశత్రువులైన నాయకులు కర్రాన్సా, పాంచో వియా ఇద్దరి సమాధులూ దాని స్తంభాలలోనే ఉన్నాయి. కాయెస్‌నూ, ఆయనను 1936లో దేశం నుంచి వెళ్లగొట్టిన కార్దెనాస్‌నూ కూడా అక్కడే ఉంచారు. రైతు విప్లవ నాయకుడు సపాతా మాత్రం అక్కడ లేడు, ఆయన సమాధి క్వావుత్లాలో ఉంది.

చిత్రకారుడు దియేగో రివేరా కుడ్యచిత్రాలకు పేరుపడింది జాతీయ సౌధం. కానీ అది అధ్యక్ష నివాసం కూడా కావడంతో ప్రవేశం మీద ఆంక్షలుంటాయి, దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. అక్కడికి నాలుగడుగుల దూరంలోని విద్యాశాఖ భవనంలో 1923-28 మధ్య ఆయన గీసిన గోడలను తీరిగ్గా చూడవచ్చు. రొట్టె విరుస్తూ బల్ల దగ్గర కూర్చున్న వ్యక్తికి నమూనా పాండురంగ ఖాన్‌ఖోజే అంటారు. గదర్ ఉద్యమంలో పాల్గొని, దేశానికి తిరిగి రాలేక మెక్సికో చేరి, చపింగో వ్యవసాయ కళాశాలలో మొక్కజొన్న, గోధుమ వంగడాల మీద పనిచేసిన మహారాష్ట్రుడాయన. ఆ చపింగోలో కూడా రివేరా ఒక పాత ప్రార్థనామందిరాన్ని భూమి పంపిణీ కథతో నింపాడు. నగరానికి తూర్పున తెష్కోకో దగ్గర ఉన్న ఆ చోటికి టూరు బస్సులు పెద్దగా వెళ్లవు. ఒక పూట దానికి విడిచిపెట్టి, విశ్వవిద్యాలయం సెలవులేవో ముందే కనుక్కుని వెళ్లాలి.