పబ్‌మెడ్‌లో ఆ మూడు మాటలు: పదకొండేళ్ల వాడకం తర్వాత

గాజువాకలో నాది పది పడకల నర్సింగ్‌హోం. పబ్‌మెడ్ అంటే వైద్య పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే వెబ్‌సైట్; వైద్యులకు చెప్పనక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ఫలితాల కింద కనిపించే ‘ఫ్రీ పీఎంసీ ఆర్టికల్’ అన్న మూడు మాటల గురించే. అంటే ఆ వ్యాసం పూర్తిగా, ఉచితంగా పబ్‌మెడ్ సెంట్రల్ (పీఎంసీ) అనే భాండాగారంలో చదువుకోవచ్చని.

పోయిన వానాకాలంలో పాడేరు వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. తొమ్మిది రోజుల జ్వరం, ఆయాసం. మలేరియా, డెంగీ పరీక్షల్లో ఏమీ తేలలేదు. చొక్కా విప్పించి చూస్తే కుడి చంక మడతలో శనగగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. స్క్రబ్ టైఫస్, అంటే చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం. నరం ద్వారా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. అజిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ కూడా కలపాలా? సరిగ్గా ఈ ప్రశ్న మీదే మన దేశంలో 794 మంది రోగులతో చేసిన ప్రయోగం 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రాత్రి పదకొండింటికి ఫోనులో వెతికితే దాని కింద ఆ మూడు మాటలు! పూర్తి వ్యాసం, మోతాదులతో సహా. మరణం, ఐదో రోజుకూ తగ్గని జ్వరం, ఏడో రోజుకూ వదలని చిక్కులు, వీటిలో ఏదో ఒకటి ఎదురైనవారు రెండు మందులూ కలిపి ఇచ్చినప్పుడు 33 శాతం, డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇస్తే 47 శాతం, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇస్తే 48 శాతం. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అది కూడా రైతు కొడుకుకు దాచకుండా చెప్పాను.

“మరి మా నాన్నకు ఏది మంచిది డాక్టరుగారూ?”

“రెండూ ఇద్దాం బాబూ.”

నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఆ రాత్రి నాకు కలిగిన ధైర్యాన్ని మాటల్లో చెప్పలేను.

అయితే ఆ మాటలు అన్నిటికిందా ఉండవు. మొన్న ఒక కీళ్లజబ్బు మందు గురించి వెతికి సారాంశం దగ్గరే ఆగిపోయాను. ఒక్క వ్యాసానికి ప్రచురణ సంస్థ అడిగిన డాలర్లు నా రోజంతటి ఓపీ రాబడికి దగ్గరగా ఉన్నాయి. 2025లో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకంతో దాదాపు 13,000 పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయి కానీ అవి ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే. మావంటి చిన్న ఆసుపత్రులు ఆ గీతకు బయటే. అలాంటప్పుడు రచయితకే మెయిల్ రాస్తాను; చాలామంది పంపుతారు, కానీ రోగి అన్నాళ్లు ఆగడు.

జ్వరాలు, షుగరు, బీపీ చూసే నాకు ఇలా ఉచితంగా దొరికేది చాలావరకు సరిపోతోంది. కేన్సర్ వైద్యులకు సరిపోతుందో లేదో వారే చెప్పాలి. ఒక్క మాట: ఉచిత వ్యాసాలనే చూపించే వడపోతను ముందే పెట్టకండి. మీ రోగికి కావలసిన వ్యాసం చదవడానికి దొరకకపోయినా, అలాంటిది ఒకటి ఉందని తెలియాలి.