ఇంటి వెనక ఆవులు మేస్తున్నాయని లాట్ ప్రీమియం కట్టకండి

టెక్సాస్‌లో కొత్త కమ్యూనిటీల్లో ఇల్లు బుక్ చేయబోతున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "వెనక ఎవరూ లేరండీ, అంతా ఓపెనే" అన్న మాటకి పడిపోయి, ఆ లాట్ కోసం బిల్డర్‌కి అదనంగా కట్టడానికి సిద్ధమైన వాళ్ళు సంతకం పెట్టేముందు పది నిమిషాలు ఆగి చదవండి. బిల్డర్ పేరు, ఊరి పేరు రాయడం లేదు, కామెంట్లలో అడగొద్దు. ఊరు మారినా కథ పెద్దగా మారదు.

మేం కొన్నది 2022లో. అప్పటి సంగతి గుర్తుందిగా. వెయిటింగ్ లిస్టులు, లాట్లు రిలీజ్ చేసిన రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవడం, దొరికితే చాలు దేవుడా అన్నట్టు ఉండేది. మా వంతు వచ్చేసరికి రెండే లాట్లు మిగిలాయి. ఒకటి దక్షిణ ముఖం. రెండోది తూర్పు ముఖం, వెనక పెద్ద పచ్చిక బయలు, అందులో ఏడెనిమిది ఆవులు. తూర్పు ముఖం, పైగా గోవులు! మా అమ్మకి వీడియో కాల్‌లో చూపించాక ఇంక ఆలోచించడానికేముంది? లాట్ ప్రీమియం అంటూ ఓ చిన్న కారు ఖరీదు అదనంగా అడిగారు. కట్టేశాం.

మోడల్ హోమ్ గోడ మీద కమ్యూనిటీ మ్యాప్ పెడతారు చూడండి, అందులో మా వెనక భాగానికి లేత ఆకుపచ్చ రంగు వేసి ఉంది. అడగకుండా కొన్నామనుకోకండి. "అక్కడేమొస్తుంది?" అని మా ఆవిడ అడిగింది. "అది అగ్రికల్చర్ జోనింగ్, అక్కడేమీ కట్టడానికి లేదు" అంది సేల్స్ ఆవిడ (జోనింగ్ అంటే ఏ నేలలో ఏం కట్టొచ్చో సిటీ పెట్టే రూలు). ఆ మాట ఆ రోజుకి నిజమే. ఆ రోజుకి మాత్రమే నిజమని మాకు తెలిసేసరికి ఇంట్లో దిగి ఆరు నెలలైంది.

పెరుగుతున్న ఈ ఊళ్ళలో అగ్రికల్చర్ జోన్ అంటే ఎప్పటికీ అక్కడ సేద్యమే జరుగుతుందని కాదు. ఇంకా ఏం చెయ్యాలో తేలని నేలకి అప్పటికి తగిలించి ఉంచిన చీటీ, అంతే. స్థలం ఓనరు జోనింగ్ మార్చమని అర్జీ పెడతాడు. ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్ విని, సిఫారసు చేస్తుంది. ఆపైన సిటీ కౌన్సిల్ ఒక సాయంత్రం కూర్చుని ఓటు వేస్తుంది. మర్నాటికి ఆ చీటీ మీద ఇంకో పేరు ఉంటుంది.

ఇక ఆ ఆవుల సంగతి. టెక్సాస్‌లో వ్యవసాయానికి వాడే భూమికి మార్కెట్ ధర మీద కాకుండా, ఆ నేల వ్యవసాయం మీద ఎంత రాబడి ఇవ్వగలదన్న లెక్క మీద పన్ను వేస్తారు. తేడా మామూలుగా ఉండదు. అందుకే కట్టే రోజు వచ్చేదాకా డెవలపర్లు ఆ స్థలంలో నాలుగు ఆవుల్ని మేపిస్తారు, లేకపోతే గడ్డి పెంచి కోయిస్తారు. తర్వాత వాడకం మారినప్పుడు గత 3 ఏళ్ళ తేడా రోల్‌బ్యాక్ టాక్స్‌గా కట్టాలి, అయినా వాళ్ళకి గిట్టుబాటే. మేం గోమాత అని మురిసిపోయింది వాళ్ళ లెక్కలో టాక్స్ ప్లానింగ్. పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద ఆ స్థలాన్ని నొక్కితే ఓనరు పేరు వస్తుంది, దమ్మిడీ ఖర్చు లేదు. మా వెనక స్థలం ఓ ఎల్‌ఎల్‌సీ, అంటే ఓ కంపెనీ పేరు మీద ఉంది. ఆ పేరు మేం చూసింది ఇల్లు కొన్నాకే.

అంతకంటే కడుపు మండించేది ఇంకొకటుంది. సిటీకి కాంప్రహెన్సివ్ ప్లాన్ అని ఒకటి ఉంటుంది, అందులో భవిష్యత్తులో ఏ నేల దేనికి వాడాలనుకుంటున్నారో చూపించే ఫ్యూచర్ లాండ్ యూజ్ మ్యాప్ ఉంటుంది. బిల్డర్ గోడ మీద ఆకుపచ్చగా ఉన్న మా వెనక స్థలం అందులో మిక్స్‌డ్ యూజ్ (ఇళ్ళు, షాపులు కలిపి కట్టేది) కింద, ముదురు రంగులో ఉంది. అది కూడా మేం కొనడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచి! ఆ మ్యాప్ మీద సన్న అక్షరాలతో, ఈ ప్లాన్ జోనింగ్ కాదు, జోనింగ్ హద్దుల్ని నిర్ణయించదు అని ఒక వాక్యం ఉంటుంది. టెక్సాస్ చట్టం ప్రకారం అది రాసి తీరాలి. ఆ వాక్యం చదివి ధీమాగా ఉండకండి. జోనింగ్ మ్యాప్ ఇవాళ్టి సంగతి చెబుతుంది, ఈ మ్యాప్ రేపు కౌన్సిల్ మనసు ఎటు మొగ్గుతుందో చెబుతుంది. వాటికి తోడు థరోఫేర్ ప్లాన్ అని రోడ్ల మ్యాప్ కూడా ఉంటుంది. ఇవాళ రెండు లేన్ల మట్టి రోడ్డులా కనిపించేది అందులో ఆరు లేన్లుగా గీసి ఉండొచ్చు.

ఇంకో గుర్తు మా కళ్ళెదుటే ఉంది, మేం గుడ్డివాళ్ళమయ్యాం. మా వీధి చివర రోడ్డు ఠక్కున ఆగిపోయి, అడ్డంగా ఎర్ర రిఫ్లెక్టర్ల బారికేడ్ ఉండేది. పిల్లలు అక్కడే సైకిళ్ళు తొక్కేవాళ్ళు. కల్-డి-సాక్ లాంటిదే, ట్రాఫిక్ ఉండదని అనుకున్నాం. కల్-డి-సాక్ అయితే రోడ్డు గుండ్రంగా తిరిగి మూసుకుపోతుంది. తిన్నగా వచ్చి కంచె దగ్గర కోసేసినట్టు ఆగిపోయిందంటే అది స్టబ్ స్ట్రీట్, అవతల కట్టినప్పుడు కలపడానికి వదిలిన కొస. పక్కన ఈ రోడ్డు ముందుకు పొడిగిస్తామని చిన్న బోర్డు కూడా ఉంది. ఆ బోర్డుకి మా అబ్బాయి సైకిల్ ఆనించి పెట్టేవాడు.

2023లో కంచె మీద జోనింగ్ మార్పు అంటూ పెద్ద బోర్డు వెలిసింది. కేసు నంబర్ పెట్టి వెతికితే తెలిసింది, మూడు వందల పైచిలుకు అపార్ట్‌మెంట్లు, రోడ్డు వైపు షాపులు. కమిషన్ హియరింగ్ అప్పటికే అయిపోయింది. మాకు ఉత్తరం ఎందుకు రాలేదని సిటీకి ఫోన్ చేశాను. చట్టం ప్రకారం, మార్చబోయే స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ఓనర్లకి, కమిషన్ హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు ఉత్తరం వేయాలి. వేశారు. కాకపోతే ఆఖరుగా ఆమోదించిన టాక్స్ రోల్‌లో, అంటే ఆస్తి పన్ను జాబితాలో, ఎవరి పేరుంటే వాళ్ళకి వేస్తారు. మా క్లోజింగ్, అంటే ఇల్లు మా పేరు మీదికి మారింది, 2022 నవంబరులో. రోల్‌లో ఇంకా బిల్డర్ పేరే ఉంది. మా ఉత్తరం వాడి ఆఫీసుకి పోయింది! కొత్త ఇల్లు కొన్నవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. మొదటి ఏడాది పోస్ట్‌బాక్స్‌ని నమ్ముకోకుండా సిటీ అజెండాలు మీరే చూసుకోవాలి. మా ఎదురు వరస వాళ్ళయితే 200 అడుగులు దాటారు కాబట్టి వాళ్ళకి ఉత్తరమన్నదే లేదు.

సరే, కౌన్సిల్ హియరింగ్‌కి పోరాడదామని బయల్దేరాం. అప్పటి రూలు ప్రకారం ఆ 200 అడుగుల పరిధిలోని నేలలో 20 శాతం ఓనర్లు సంతకం చేసి లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితే, కౌన్సిల్ మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఏడుగురు ఉంటే ఆరుగురు. వినడానికి సులువుగా ఉంది కదా? 20 శాతం అంటే ఇళ్ళ సంఖ్యలో కాదు, నేల విస్తీర్ణంలో. రోడ్లు, సందులు కూడా ఆ విస్తీర్ణంలో కలుస్తాయి, రోడ్డు మాత్రం సంతకం పెట్టదు. ఒక పక్క మెయిన్ రోడ్డు, రెండో పక్క అదే ఎల్‌ఎల్‌సీ వాళ్ళ ఇంకో స్థలం. మా వరస మొత్తం సంతకాలు పెట్టినా 20కి చేరలేదు. మనిషికి 3 నిమిషాలు మైకు ఇచ్చారు. సగం మంది స్కూళ్ళు, ట్రాఫిక్ గురించి మాట్లాడారు. కొందరు అద్దెకుండే వాళ్ళ గురించి అనకూడని మాటలు అన్నారు, నాకు తల కొట్టేసినట్టయింది. మేమూ ఈ దేశం వచ్చాక ఎనిమిదేళ్ళు అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళమే. డెవలపర్ తరఫు లాయరు లేచి, ఇది సిటీ ప్లాన్‌లో ఉన్నదే అని మ్యాప్ తెర మీద వేశాడు. మా వాదన అక్కడితో చచ్చింది. కౌన్సిల్ వాళ్ళని నేను తిట్టను. ఏళ్ళ క్రితం పబ్లిగ్గా చెప్పిందే చేశారు. మాకు చెప్పనిది అమ్మినవాడు, చూసుకోనిది మేము.

ఇంటికొచ్చి ఫోన్ చేస్తే, మా నాన్నగారు సిద్ధాంతిగారిని అడిగి కబురు చెప్పారు: పడమర వైపు ఎత్తైన కట్టడం వస్తే ఆ ఇంటికి చాలా మంచిదట.

అసలు బాధ బిల్డింగుతో కాదు, పార్కింగుతో మొదలైంది. జోనింగ్ మార్పుతో పాటే ప్లాన్డ్ డెవలప్‌మెంట్ ఆర్డినెన్సులో (ఆ ప్రాజెక్టు కోసం సిటీ విడిగా రాసే రూల్స్) పార్కింగ్ లెక్క తగ్గించమని డెవలపర్ అడిగాడు, కౌన్సిల్ ఒప్పుకుంది. హియరింగ్‌లో మాలో ఒక్కరు కూడా దాని గురించి నోరెత్తలేదు, అంతా అంతస్తుల గురించే అరిచాం. ఇప్పుడు ఆ స్టబ్ స్ట్రీట్ తెరుచుకుంది. లోపల కార్లు పట్టక రాత్రి తొమ్మిది దాటితే మా వీధికి రెండు వైపులా కార్లే. హెచ్‌ఓఏకి (కమ్యూనిటీ ఇళ్ళ ఓనర్ల సంఘం) రాస్తే, అది పబ్లిక్ స్ట్రీట్, మా చేతిలో లేదన్నారు. నిజమే, మన ఇంటి ముందు రోడ్డు మనది కాదు, అక్కడ కారు పెట్టుకునే హక్కు మనకెంతో అవతలి వాళ్ళకీ అంతే. సిటీకి రాస్తే, ఫైర్ హైడ్రెంట్ దగ్గరో డ్రైవ్‌వేకి అడ్డంగానో పెడితే చెప్పండి అన్నారు. పార్కింగ్ రూల్స్ సడలించడం మా ఊరి వింతేమీ కాదు. ఆస్టిన్ కౌన్సిల్ 2023 నవంబరులో ఊరు మొత్తానికి కనీస పార్కింగ్ నిబంధనే ఎత్తేసింది. ఇళ్ళ ధరలు దిగాలంటే అది మంచి పనే అనేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో పస లేదని నేననను. కాకపోతే ఆ మిగిలిన కార్లు ఎక్కడికి పోతాయో మీరు కొనేముందే చూసుకోండి.

ఇప్పుడు కొనేవాళ్ళకి పరిస్థితి మాకంటే బిగువుగా ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఇళ్ళ సంఖ్య పెంచే జోనింగ్ మార్పులకి చుట్టుపక్కల వాళ్ళ అభ్యంతరం 20 శాతం కాదు, 60 శాతం ఉండాలి. అంతకంటే పెద్దది ఇంకోటి: లక్షన్నర జనాభా దాటిన సిటీల్లో, ఆ సిటీ 3 లక్షలు దాటిన కౌంటీలో ఉంటే, ఆఫీసులకో షాపులకో జోన్ చేసిన నేలలో అపార్ట్‌మెంట్లు కట్టడానికి జోనింగ్ మార్పే అక్కర్లేదు. బోర్డు ఉండదు, ఉత్తరం ఉండదు, హియరింగ్ ఉండదు. అక్కడ యూనిట్‌కి ఒక పార్కింగ్ కంటే ఎక్కువ కావాలని సిటీ పట్టుబట్టడానికీ లేదు. "వెనక కమర్షియలే, మహా అయితే కాఫీ షాపు వస్తుంది" అని ఏజెంట్ అంటే ఈ సంగతి గుర్తుచేయండి. సిటీ లిమిట్స్ బయట కొంటున్నారా? అక్కడ అసలు జోనింగే ఉండదు, టెక్సాస్ కౌంటీలకి మామూలుగా ఆ అధికారం లేదు. హ్యూస్టన్‌లో సిటీ లోపలే లేదు, అక్కడ డీడ్ రెస్ట్రిక్షన్లు, అంటే ఆస్తి పత్రాల్లో రాసి ఉన్న షరతులు చదువుకోవాలి.

లాయర్ దగ్గరికి వెళ్ళలేదా అంటారేమో. వెళ్ళాం. కాంట్రాక్టు తిరగేసి రెండు పేరాలు చూపించాడు. నోటిమాట హామీలు చెల్లవని ఒకటి, పక్క స్థలాల్లో ఏమొస్తుందో బిల్డర్ ఏ హామీ ఇవ్వడం లేదని ఇంకొకటి. రెండింటి కిందా మా ఇనీషియల్స్ ఉన్నాయి. ఫీజు కట్టి వచ్చేశాం.

మీరు చేయాల్సింది నిజానికి ఒక్క ఫోన్ కాల్. సిటీ ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌కి చేసి, లాట్ అడ్రస్ చెప్పి, చుట్టూ ఉన్న ఖాళీ స్థలాల జోనింగ్ ఏమిటి, ఫ్యూచర్ లాండ్ యూజ్ ఏమిటి, ఏవైనా కేసులు పెండింగ్‌లో ఉన్నాయా, ఈ రోడ్డు ఎక్కడికి కలుస్తుంది అని అడగండి. మొహమాటపడకండి, వాళ్ళ ఉద్యోగమే అది. బోర్డు వెలిశాక నేను చేసినప్పుడు అటువైపు ప్లానరు పది నిమిషాల్లో అన్నీ చెప్పి, ఆర్డినెన్సు పీడీఎఫ్ మెయిల్ చేసింది. అదే ఫోన్ లాట్ బుక్ చేసేముందే చేసుంటే ఆ దక్షిణ ముఖం లాట్ తీసుకునేవాళ్ళం, లేకపోతే కనీసం ప్రీమియం అయినా బేరమాడేవాళ్ళం. సేల్స్ వాళ్ళు వెనక ఏమీ రాదంటే ఆ మాట మెయిల్‌లో రాసివ్వమనండి. ఎలా తప్పించుకుంటారో చూస్తే చాలు, మీకే అర్థమవుతుంది.

అవతల షాపుల దగ్గర డ్రైవ్-త్రూకి పర్మిట్ కావాలని ఇప్పుడు కొత్త కేసు పడింది. ఈసారి ఉత్తరం నా పేరు మీదే వచ్చింది, పార్కింగ్ పేజీలు ముందు చదివాను. మా పక్కింట్లో కిందటి నెల దిగిన గుంటూరు వాళ్ళకి మాత్రం రాలేదట. పాత ఓనరుకి పోయి ఉంటుంది. నా కాపీ ఫొటో తీసి వాళ్ళకి వాట్సాప్‌లో పంపాను.