పాచికలు వేయని పుట్టుక: ‘ట్రావెలర్’ రోబాట్ హ్యాండ్‌బుక్

1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ‘ట్రావెలర్’ అనే, బల్ల చుట్టూ కూర్చొని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రను నడిపే అంతరిక్ష ఆటలో మనిషి పాత్ర పద్దెనిమిదో ఏట మొదలై, నాలుగేళ్లకొక విడతగా ఉద్యోగాలు చేస్తూ, పాచికలు ఎటు పడితే అటు జీవితాన్ని కూడబెట్టుకుంటుంది. తొలి ప్రతిలోనైతే ఆట ఆరంభం కాకముందే ఆ పాత్ర చనిపోయే ప్రమాదం కూడా ఉండేది. ప్రస్తుతం ఈ ఆటను ప్రచురిస్తున్న మంగూస్ సంస్థ 2022లో తెచ్చిన ‘రోబాట్ హ్యాండ్‌బుక్’లో పద్ధతి పూర్తిగా వేరు: రోబాట్ జీవితచరిత్రతో కాక, కొనుగోలు రసీదుతో పుడుతుంది.

ముందుగా 1 నుంచి 8 వరకు ఉన్న పరిమాణాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. పరిమాణం ఒక మెట్టు పెరిగిన కొద్దీ లోపల పరికరాలు అమర్చుకొనే స్లాట్లు రెట్టింపవుతాయి. మనిషంత ఉండే 5వ పరిమాణానికి 16 స్లాట్లు దక్కుతాయి. ఆ తరువాత చక్రాలా, కాళ్లా, గురుత్వాన్ని ధిక్కరించి తేలే యంత్రమా అన్నది తేల్చుకొని, చివరకు మెదడును ఎంచుకోవాలి. నైపుణ్యాలు ఆ మెదడు బ్యాండ్‌విడ్త్‌లో, అంటే అది మోయగల సామర్థ్యంలో, ఇమడాలి, అన్నీ కలిపి ఆటలోని డబ్బైన క్రెడిట్లలో ధర లెక్కకు రావాలి.

ఇంత లెక్కలో పాత్ర ఎక్కడుంటుందన్న అనుమానం నాకూ కలిగింది. మా బృందం కోసం 4వ పరిమాణంలో, అంటే 8 స్లాట్లలో, ఒక వైద్య రోబాట్‌ను కట్టబోతే చివరి పరికరానికి ఒక్క స్లాట్ చాలలేదు. ప్రతి రోబాట్‌కూ మొదట ఇచ్చే రెండు చేతుల్లో ఒకటి తీసేస్తే చోటు మిగులుతుందని నియమం చెబుతోంది కనుక తీసేశాం. ఆ ఒంటిచేతి వైద్యుడు కుట్లు వేయవలసి వచ్చినప్పుడల్లా పక్కనున్నవాడిని “దారం పట్టుకోండి” అని అడగడం మొదలుపెట్టాడు; రెండో వారానికల్లా మా అంతరిక్ష ఓడలో సగం మందికి కుట్లు వేయడం వచ్చేసింది. ఏ పాచికా ఇవ్వని స్వభావాన్ని ఆ కొరత ఇచ్చింది.

అయితే పట్టికలు చాలా ఉన్నాయి. కాగితం మీద చేయబోయి మొదటి సాయంత్రమంతా కూడికలకే పోగొట్టుకున్నాను. స్ప్రెడ్‌షీట్ తెరిచాకే పని ముందుకు సాగింది. ఆ రోబాట్ ఎవరి సొత్తు, దానికి ఎవరు ఆజ్ఞ ఇవ్వవచ్చు వంటి ప్రశ్నలను మాత్రం ఆట మొదలయ్యే ముందే ఆటను నడిపించే రిఫరీతో కూర్చొని తేల్చుకోవడం మేలు, లేకపోతే అదే ప్రతి వారం తగువవుతుంది.

ఈ ఒక్క పుస్తకంతో ఆడలేం, మూల నియమాల పుస్తకం చేతిలో ఉండి తీరాలి. అది ఇప్పటికే ఉన్నవారు, అందులోనూ ఓడలు కట్టుకొనే అధ్యాయాన్ని ఇష్టపడినవారు నిస్సందేహంగా కొనవచ్చు. గాయపడిన రోబాట్ తనంత తాను మానదు, మరమ్మతు చేయించాలి. మా వైద్యుడికి ఇప్పుడు ఉన్న ఆ ఒక్క చేయీ పనిచేయడం లేదు.