మైకు బాగైంది, మెట్ల సంగతి చూడండి

నెల్లూరు మద్రాసు బస్టాండు పక్క సందులో ఉండే ఈ సెల్ రిపేరు షాపుకి నా రేటింగు 5కి 4. ఆ ఒక్క స్టారు ఎందుకు కోశానో కింద చెప్తా.

నా ఫోన్లో నేను మాట్లాడేది అవతలోళ్ళకి వినపడదు, చార్జింగు కూడా సరిగా ఎక్కదు. వేరే షాపులో చూపిస్తే మెయిన్ బోర్డు పోయింది, మూడు వేలవుద్ది అన్నారు. ఇక్కడ రిపేరు చేసే అబ్బాయికి వినపడదు, మాట రాదు. కౌంటరు మీద లామినేషన్ చేసిన అట్ట ఒకటి ఉండాది, దాని మీద పగిలిన స్క్రీను, బ్యాటరీ, చార్జింగు పిన్ను, స్పీకరు, మైకు అన్నీ బొమ్మలే, వేలు పెట్టి చూపిస్తే చాలు, ఇంకేమన్నా చెప్పాలంటే పక్కనే నోట్‌బుక్కు ఉంటది. ఫోను ఇప్పి చూసి, కిందుండే చార్జింగు బోర్డు మారిస్తే రెండు ఇబ్బందులూ పోతాయి, 650 అని రాసిచ్చాడు.

నేను నోరెళ్ళబెట్టింది మాత్రం మైకు టెస్టింగు దగ్గర. వాయిస్ రికార్డరు ఆన్ చేసి నా నోటి ముందు పెట్టి మాట్లాడమని సైగ చేశాడు, నేను హలో హలో అంటా ఉంటే స్క్రీను మీద గీతలు ఎట్టా లేస్తున్నాయో చూస్తా ఉన్నాడు, తర్వాత మెల్లగా మాట్లాడమన్నాడు, గీతలు తగ్గాయి, తలూపాడు. స్పీకరుకైతే పాట పెట్టి వేలు ఆనించి అదురు చూసుకుంటాడు, గరగర ఏమన్నా ఉందేమో పక్క కుర్రోడు విని బొటనవేలు చూపిస్తాడు. అంతే, ఇంకే తేడా లేదు.

పోయేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, గట్టిగా అరిచినా వినపడదయ్యా! నా ముందున్న పెద్దాయన అరిచీ అరిచీ చివరికి ఓనరు మీద పడ్డాడు.

జీతం ఎట్టా ఇస్తారని ఓనర్ని అడిగా, మిగతా టెక్నీషియన్లకి ఎంతో ఈ అబ్బాయికీ అంతేనంట. ఇది చిన్న విషయం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గవర్నమెంటు ఉద్యోగాలకే 4 శాతం రిజర్వేషను, అందులో వినికిడి లేనోళ్ళకి 1 శాతం, అదీ 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటేనే. ప్రైవేటోళ్ళకి అట్టాంటి కంపల్సరీ లేదు, ఉద్యోగం ఇచ్చే కంపెనీలకి ప్రోత్సాహకాలు ఇవ్వాలని మాత్రం ఉంది. మన చుట్టాల్లోనేమో వికలాంగుల పింఛను 6 వేలు చేశారు గదా ఇంకా పనెందుకు అంటారు. ఆ 6 వేలతో ఇంటద్దె కట్టి పెళ్ళాం పిల్లల్ని సాకి చూపించమనండి.

అట్టాగని పాపం అని పోవద్దు, జాలిపడి ఫైవ్ స్టార్లు కొట్టొద్దు. పని బాగుంది కాబట్టి పోండి, రేటు తక్కువ కాబట్టి పోండి.

ఇక ఆ కోసిన స్టారు. షాపుకి ముందు రెండు మెట్లు, రెండూ ఎత్తే. మూడు చక్రాల బండి మీద వచ్చినాయన రోడ్డు మీదే ఉండి ఫోను లోపలికి పంపించాడు, ఆయన మాట్లాడేది అబ్బాయికి వినపడదు, బొమ్మల అట్ట ఆయనకి అందదు. ఓనరుగారూ, వినపడనోళ్ళకి ఇంత ఆలోచించారు, ఒక సిమెంటు వాలు పోయించడానికి ఏమైంది? కస్టమరే లోపలికి రాలేకపోతే రేపు అట్టాంటి మనిషిని పనిలో ఎట్టా పెట్టుకుంటారు?

శనివారం సాయంత్రం మాత్రం పోవద్దు, టోకెన్లు లేవు, తోసుకోవాల్సిందే. బిల్లు అడిగి తీసుకోండి, చార్జింగు బోర్డుకి మూడు నెలల వారంటీ రాసిస్తారు.