బెంచీయా, జోడీయా, ముక్కల పాఠమా? ఒంటరి గుంటడికి ఏది మేలు?

మాది శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరి బడి, ఐదు క్లాసులకీ కలిపి 26 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. ఆగస్టులో ఒక గుంటడు నాలుగో తరగతిలో చేరాడు. నాన్న గుజరాత్‌లోని వెరావల్ చేపల బోట్ల మీదకి ఎల్లిపోయాడు, అమ్మ విశాఖలో పనికి కుదిరింది, వీడ్ని అమ్మమ్మ దగ్గర వదిలేశారు. మధ్యాన్నం కంచం పట్టుకుని వరండా చివర స్తంభం దగ్గరే కూర్చునేవాడు, గుడ్డు తినేసి బెల్లు కొట్టేదాకా కాలితో మట్టి గీకుతుండేవాడు. అల్లరి చెయ్యడు కదా అని రెండు వారాలు నేను పట్టించుకోలేదు, తప్పు నాదే.

ముందు బడ్డీ బెంచీ పెడదామనుకున్నా. 2013లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక చిన్న పిల్లాడు అడిగి పెట్టించుకున్నాక దీనికి బాగా పేరొచ్చింది. ఆడుకోడానికి ఎవరూ లేనోళ్ళు ఎల్లి దాని మీద కూర్చుంటే మిగతావాళ్ళు చూసి పిలవాలి. టౌన్లో మూడొందల మంది ఉన్న స్కూల్లో బావుంటాది. మా దగ్గరైతే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోద్ది, "మీ మనవడితో ఎవరూ ఆడట్లేదటే" అని ఆ ముసలావిడ్ని అడుగుతారు. అయినా సిగ్గుపడే పిల్లాడు అందరూ చూస్తుండగా ఎల్లి అక్కడ కూర్చుంటాడా ఏటి?

సరే అని జోడీ కట్టాను, ఐదో తరగతి పిల్లాడొకడికి వీడ్ని అప్పజెప్పాను. కుళాయి ఎక్కడ, కంచాలు ఎక్కడ కడగాలి అవన్నీ చూపించడానికి మొదటి వారం బాగా పనికొచ్చింది. తర్వాత ఒకరోజు ఆ పెద్దోడు ఇంకొకడితో "టీచర్ చెప్పారని ఆడతన్నాను, నాకేటి ఇష్టమా?" అన్నాడు, వీడు పక్కనే ఉన్నాడు. మర్నాడు బడికి రాలేదు. జోడీ పెడితే వారానికోసారి మార్చెయ్యండి, దాన్ని స్నేహం అని మాత్రం అనుకోకండి.

నాకు పనికొచ్చింది జిగ్‌సా, నేను ముక్కల పాఠం అంటాను. 1971లో టెక్సాస్ ఆస్టిన్‌లో తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని కొత్తగా ఒకే క్లాసుల్లో కలిపితే గొడవలయ్యాయి, అప్పుడు ఇలియట్ ఆరన్‌సన్ అనే సైకాలజిస్టు తెచ్చిన పద్ధతి ఇది. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు, ఎవడి ముక్క వాడే మిగతావాళ్ళకి చెప్పాలి, పరీక్ష మాత్రం మొత్తం మీద ఉంటాది. అంటే జట్టులో ఎవడ్ని వదిలేసినా నీకే మార్కులు పోతాయి.

నేను మన నదుల పాఠానికి పెట్టాను. ఒకడికి నాగావళి, ఒకత్తికి వంశధార పుట్టిన చోటు, ఇంకొకడికి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, వీడికి కావాలనే కళింగపట్నం ఇచ్చాను, అక్కడే కదా వంశధార సముద్రంలో కలిసేది. ముందు గొంతు పెగల్లేదు గానీ, నాన్నతో పడవలో ఎల్లినప్పుడు ఏటి నీళ్ళ రంగూ సముద్రం రంగూ వేరేగా కనబడ్డాయని చెప్పేసరికి పిల్లలు మీద పడిపోయారు, "అలొస్తే పడవ బోల్తా పడదా?" అని ఒకటే ప్రశ్నలు. మర్నాడూ వాడు స్తంభం దగ్గరే కూర్చున్నాడు గానీ గొట్టా బ్యారేజీ గుంటడు కూడా కంచం తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడు.

ఒకటీ రెండు తరగతులకి ఇది కుదరదు, చదవడం రాదు కదా. వాళ్ళకి ఏడు పెంకులాటే మేలు, జట్లు మాత్రం మీరే కట్టండి, పిల్లల్ని ఏరుకోమంటే ఆఖర్న మిగిలిపోయేవాడు రోజూ ఒక్కడే. ఇంకోటి, పిల్లాడు తిండి మానేసినా, రోజూ కడుపునొప్పని బడి ఎగ్గొట్టినా ఈ ఆటలతో సరిపెట్టకండి, డాక్టరుకి చూపించండి, మనసు బాధలకి గవర్నమెంటు పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ 14416కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

లెక్కలకి కూడా ముక్కలు చేసి చూశాను, అది మాత్రం అస్సలు కుదర్లేదు, భాగహారం సగం ఒకడికి సగం ఇంకొకడికి ఎలా ఇస్తాం!