మాస్టర్ సిలిండర్ మార్చి మూడేళ్లు, 42,000 కిలోమీటర్లు

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. కాలు బ్రేక్ మీదే ఉంది. అయినా పెడల్ మెల్లమెల్లగా, బురదలో కాలు దిగినట్టు కిందికి జారిపోతోంది. చివరికి మ్యాట్‌కి తగిలింది, బండి ముందుకు కదిలింది. గబుక్కున హ్యాండ్ బ్రేక్ లాగాను. కాలు తీసి మళ్లీ నొక్కితే పెడల్ మామూలుగానే గట్టిగా తగిలింది. చాలామంది మోసపోయేది ఇక్కడే. మళ్లీ గట్టిగా తగిలింది కదా, ఏం కాలేదులే అనుకుంటాం. నేనూ అలాగే ఇంకో రెండు రోజులు బండి తీశాను. తీయకూడదు. ఇది ఒక్కసారి కనిపించినా బండి పక్కన పెట్టాల్సిందే.

నా కారు పన్నెండేళ్లది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది మాస్టర్ సిలిండర్. మొదట దాంట్లో సీల్ కిట్, అంటే లోపలి రబ్బరు కప్పుల సెట్ వేశాను, ఐదు నెలలు నిలిచింది. తర్వాత అసెంబ్లీ, అంటే సిలిండర్ మొత్తం మార్చాను, అది మూడేళ్లుగా నడుస్తోంది. ఈ సమీక్ష ఆ రెండింటి గురించే. కానీ అసలు ఏది పాడైందో తేల్చుకోకుండా సామాను కొంటే దండగ, అందుకే ముందు ఆ సంగతి.

పెడల్ బాగా లేదనగానే ఎవరైనా చెప్పేది ఒకటే: ఎయిర్ పట్టింది, బ్లీడింగ్ చేయాలి, అంటే ఆయిల్ పైపుల్లోని గాలి బయటికి తీయాలి. నాకూ అలాగే చెప్పి రెండుసార్లు చేశారు, రెండుసార్లూ తేడా ఏమీ రాలేదు. ఎయిర్ ఉంటే పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది, నాలుగుసార్లు పంపు చేస్తే పైకొస్తుంది. వెనక డ్రమ్ముల్లో షూలు అరిగి గ్యాప్ పెరిగితే మొదటిసారి కిందికి వెళ్లి, వెంటనే రెండోసారి నొక్కితే పైనే దొరుకుతుంది. ఈ రెండింట్లోనూ నొక్కి పట్టుకుంటే పెడల్ ఎక్కడ ఉందో అక్కడే ఆగుతుంది. పట్టుకుని ఉండగానే దిగిపోతోందంటే మాత్రం ఆయిల్ ఎక్కడికో జారుకుంటోందని అర్థం.

నేను చూసుకున్న పద్ధతి ఇది. ఇంజన్ ఆపి, బూస్టర్‌లో (కాలి బలానికి తోడయ్యే భాగం) వ్యాక్యూమ్ పోయేదాకా ఐదారుసార్లు నొక్కాను. తర్వాత ఒక నిమిషం పాటు నొక్కి పట్టుకున్నాను. బలంగా తొక్కితే నిలబడింది. సిగ్నల్ దగ్గర పెట్టినంత తేలిగ్గా కాలు పెడితే దిగిపోయింది. మొదట నాకు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది: ప్రెషర్ ఎక్కువైతే ఆ ప్రెషరే రబ్బరు కప్పు అంచుని సిలిండర్ గోడకి గట్టిగా అదుముతుంది, తక్కువైతే అరిగిన అంచు పక్క నుంచి ఆయిల్ వెనక్కి జారుతుంది. కాబట్టి గట్టిగా తొక్కి చూసి బాగుందని తేల్చేయకండి. ఇంకో మాట. పెడల్ నొక్కి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే కొంచెం దిగుతుంది. అది బూస్టర్ పని చేస్తోందనడానికి గుర్తు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

తర్వాత బ్రేక్ ఆయిల్ డబ్బా లెవెల్ చూశాను. మార్కర్‌తో గీత పెట్టి వారం ఆగి చూస్తే చుక్క కూడా తగ్గలేదు. తగ్గి ఉంటే నాలుగు చక్రాల లోపలి వైపు, హోస్ పైపులు, డ్రమ్ముల్లో వీల్ సిలిండర్ రబ్బరు తొడుగులు వెతికేవాణ్ణి. మాస్టర్ సిలిండర్‌కీ బూస్టర్‌కీ మధ్య జాయింట్ కూడా చూడాలి, అక్కడ కారితే ఆయిల్ బూస్టర్ లోపలికి పోతుంది, బయటికి ఏమీ కనబడదు. నా బండిలో అంతా పొడిగా ఉంది. ఆఖరి పరీక్షగా సిలిండర్ నుంచి వెళ్లే పైపులు విప్పి, ఆ రంధ్రాలకి సరిపోయే ప్లగ్గులు బిగించి, లోపలి గాలి తీసి పెడల్ నొక్కాను. సిలిండర్ బాగుంటే రాయిలా ఉండాలి. అప్పుడూ దిగింది. అనుమానం తీరిపోయింది.

ఇక సీల్ కిట్. కప్పులు మార్చడం కష్టమేమీ కాదు, కానీ నేను చేసిన తప్పు బోర్‌ని, అంటే సిలిండర్ లోపలి గోడని సరిగ్గా చూడకపోవడం. ఐదు నెలల తర్వాత మళ్లీ విప్పినప్పుడు టార్చ్ వేసి చూస్తే, పిస్టన్ రోజూ తిరిగే చోటు అద్దంలా ఉంది, ఆ అవతల చివర నల్లటి చుక్కలు. గోరుతో గీకితే గరుకుగా తగిలింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమే లోపల తుప్పు పెడుతుంది. బ్లీడింగ్‌లో పెడల్‌ని నేల దాకా తొక్కినప్పుడల్లా కొత్త రబ్బరు ఆ గరుకు మీద రాసుకుంది. పాత బండికి బ్లీడింగ్ చేసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. బోర్ నున్నగా ఉంటే కిట్ వేయొచ్చు. గోరుకి ఏదైనా తగిలితే అసెంబ్లీయే.

అసెంబ్లీతో కొత్త గ్రోమెట్లు (డబ్బా కూర్చునే రబ్బరు రింగులు) వచ్చాయి, డబ్బా రాలేదు. పాతదే కడిగి పెట్టాను. పెట్రోలు, ఇంజన్ ఆయిల్ ఈ రబ్బరుకి పడవు, ఉబ్బిపోతుంది, కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి నొక్కాలి. బండికి బిగించే ముందు సిలిండర్‌ని వైస్‌లో పట్టి, చిన్న గొట్టాలతో ఆయిల్‌ని మళ్లీ డబ్బాలోకే తిప్పుతూ, పిస్టన్‌ని నెమ్మదిగా తోశాను. మొదట నురగ, తర్వాత పెద్ద బుడగలు, తర్వాత ఆవగింజంత బుడగలు. అవీ ఆగేదాకా ఓపిక పట్టాను. ఈ ఒక్క పని వదిలేసినందుకే కొత్త సిలిండర్ కూడా పాడైందని తిట్టుకునేవాళ్లని చూశాను.

పైపు నట్లకి మామూలు స్పానర్ వద్దు, మూలలు అరిగిపోతాయి. నట్‌ని దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ తీసుకోండి, నాది ఇప్పటికీ పనికొస్తోంది. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. నేను ఆలస్యం చేసిన చోట ఫెండర్ మీద మచ్చ ఉండిపోయింది.

మొదటి రోజు నాకు నచ్చని విషయం ఒకటుంది. బూస్టర్ నుంచి సిలిండర్ పిస్టన్‌ని తోసే పుష్ రాడ్‌కి గ్యాప్ చాలక, కొంత దూరం నడిపాక ముందు చక్రాలు రెండూ వేడెక్కాయి. పెడల్ వదిలినా ఆయిల్ వెనక్కి రాలేకపోతోంది. రాడ్ సర్దాక చక్రాలు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగాయి. బిగించిన వెంటనే ఇది చూసుకుని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మూడేళ్లలో ఈ సిలిండర్ గురించి ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరకలేదు. బూస్టర్ జాయింట్ దగ్గర తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే వస్తోంది. రెండేళ్లు నిండగానే బ్రేక్ ఆయిల్ (డాట్ 4 రకం) మొత్తం మార్చాను, దించినది లేత పసుపు రంగులోనే ఉంది. పాత సిలిండర్ నుంచి దిగింది మడ్డిలా నల్లగా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇప్పటికీ కాలు కొంచెం వదులు చేసి చూసుకుంటాను. పెడల్ కదలడం లేదు.